ఏడో తరగతి మధ్యలో ప్రైవేటు నుంచి సర్కారు బడికి: ఫీజు బాకీ ఉందని టీసీ ఇవ్వట్లేదు

రామంతాపూర్_అమ్మ:
నమస్తే అండి. మేముండేది రామంతాపూర్‌లో. బాబు ఏడో తరగతి, పాప తొమ్మిది. ఇద్దరూ అంబర్‌పేటలో ఒక ప్రైవేటు స్కూల్లో చదువుతున్నారు, స్టేట్ సిలబసే. దసరా సెలవులు అవ్వగానే ఇంటి దగ్గరి సర్కారు హైస్కూల్లో వేద్దామనుకుంటున్నాం. బాకీ మొత్తం కడితేనే టీసీలు ఇస్తామని పాత స్కూలు వాళ్లంటున్నారు. టీసీ లేకుండా చేర్చుకుంటారా? ఏయే కాగితాలు తీసుకెళ్లాలి? మధ్యలో మారితే పాపకు పదో తరగతిలో ఇబ్బంది అవుతుందా?

పాత_హెడ్మాస్టర్:
ఇద్దరి సంగతీ ఒకటి కాదమ్మా, విడివిడిగా చూడండి.

బాబుకు చట్టం అండ ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు, ఎనిమిదో తరగతి దాకా వర్తిస్తుంది. సెక్షన్ 5 ప్రకారం టీసీ ఆలస్యమైందని కొత్త బడి అడ్మిషన్ ఆపకూడదు. అడిగిన వెంటనే టీసీ ఇవ్వాల్సింది పాత బడి హెడ్మాస్టరు, జాప్యం చేస్తే ఆయన మీద క్రమశిక్షణ చర్య కూడా ఉంటుంది. వయసు రుజువు లేదని తిప్పి పంపకూడదని సెక్షన్ 14, ఏడాది మధ్యలో వచ్చినా కాదనకూడదని సెక్షన్ 15 చెబుతాయి. రేపే తీసుకెళ్లి కూర్చోబెట్టండి, కాగితాలు తర్వాత వస్తాయి.

పాపకు ఈ వెసులుబాటు లేదు. తొమ్మిదో తరగతికి టీసీ కావాల్సిందే. అందుకే బాకీలో కొంతే కట్టగలిగితే ఆ డబ్బు పాప పేరు మీదే కట్టండి. రసీదు మీద పాప పేరు, తరగతి, ఏ టర్మ్ ఫీజో రాయించుకోండి. అక్కాతమ్ముళ్ల ఫీజు కలిపి ఒకే పద్దులో రాస్తే ఇద్దరి టీసీలూ ఆగిపోతాయి.

నోటిమాటగా అడిగి తిరిగి రాకండి. తెల్ల కాగితం మీద ఇద్దరికీ వేర్వేరు దరఖాస్తులు రాయండి: పేరు, తరగతి, అడ్మిషన్ నంబరు, తేదీ, ‘బడి మారుతున్నాం, టీసీ ఇప్పించగలరు’. అంతే చాలు. ఫీజు గొడవ అందులో ఎత్తొద్దు, ఆ వసూలు వాళ్ల వేరే వ్యవహారం. రెండో కాపీ మీద ముద్ర, సంతకం, తేదీ వేయించుకోండి. దరఖాస్తు తీసుకోబోమంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. రేపు ఫిర్యాదు చేయాలంటే ఈ చిన్న రసీదే ఆధారం.

బడి_ఆఫీసు:
సార్ చెప్పింది నిజమే. కాకపోతే ఈ రోజుల్లో ఎక్కువగా చిక్కు వచ్చేది ఆన్‌లైన్‌లో. ప్రతి పిల్లకూ యూడైస్‌లో (దేశంలోని బడుల, విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ) పెన్ నంబరు, అంటే శాశ్వత విద్యార్థి నంబరు ఉంటుంది. పాత బడి తన లాగిన్‌లో ‘టీసీ తీసుకుని వెళ్లారు’ అని కొడితేనే పేరు డ్రాప్ బాక్స్‌లో (బడి వదిలిన వారి జాబితాలో) పడుతుంది. కొత్త బడి పెన్ నంబరు, పుట్టిన తేదీ కొట్టి తమ దాంట్లోకి లాక్కుంటుంది. టీసీ చేతికిచ్చి ఆన్‌లైన్‌లో వదలని స్కూళ్లు బోలెడు. టీసీ తీసుకునే రోజే పెన్ నంబరు రాయించుకుని, పేరు వదిలారా లేదా అడిగి చూసుకోండి.

వదలకపోతే కొత్త బడి నుంచే రిలీజ్ రిక్వెస్టు పెట్టించండి. దానికీ పాత బడి పలకకపోతే మండలంలో ఎంఐఎస్ (బడుల ఆన్‌లైన్ వివరాలు) చూసే వారి దగ్గరికి వెళ్లాలి. కంగారుపడి కొత్త విద్యార్థిగా మళ్లీ ఎంట్రీ మాత్రం చేయించొద్దు. ఒకే ఆధార్ రెండు చోట్ల కనిపిస్తే అపార్ (దేశమంతా చెల్లే విద్యార్థి ఐడీ) దగ్గర ఇరుక్కుంటుంది, దాన్ని సరిచేయించడం పెద్ద పని.

తీసుకెళ్లాల్సినవి: పిల్లల ఆధార్, తల్లిదండ్రుల ఆధార్, జనన ధ్రువీకరణ పత్రం, కుల ధ్రువీకరణ ఉంటే అది, ఫొటోలు, నిరుటి ప్రోగ్రెస్ కార్డు. వీటికి తోడు రెండు పుట్టుమచ్చలు ఇంట్లోనే చూసి రాసుకుని వెళ్లండి. ఆఫీసులో హడావుడిగా ‘కుడి చేతి మీద’ అని రాయించేస్తారు. పదో తరగతి నామినల్ రోల్‌లోకి (పరీక్ష రాసేవారి వివరాలతో బోర్డుకు పంపే జాబితా) ఎక్కేవి కూడా అవే, కాబట్టి ‘కుడి మోచేతి కింద’ అన్నంత స్పష్టంగా ఉండాలి.

పేరు విషయం ఇంకా ముఖ్యం. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, బడి రిజిస్టర్‌లో ఒక్క అక్షరం ఉంటే రెండూ కలవవు. పుట్టిన తేదీలో ఒక్క అంకె తేడా ఉన్నా అంతే. జనన పత్రాన్ని బట్టి ముందు ఆధార్ దిద్దించండి, తర్వాత బడి రికార్డు. పదో తరగతి మెమో మీద పడేది బడి రికార్డులోని పేరే, మెమో వచ్చాక మార్పించడం చాలా కష్టం. పాపకు 15 నిండితే ఆధార్ బయోమెట్రిక్ కూడా చేయించాలి.

ఉప్పల్_టీచర్:
అమ్మా, ఇక్కడ ఒక మెలిక ఉంది. అంబర్‌పేట హైదరాబాద్ జిల్లా, రామంతాపూర్ మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా, ఉప్పల్ మండలం. టీసీ ఇవ్వట్లేదన్న ఫిర్యాదు హైదరాబాద్ డీఈఓకు (జిల్లా విద్యాధికారికి), చేర్చుకోవట్లేదన్న ఫిర్యాదు మేడ్చల్ డీఈఓకు వెళ్లాలి. తప్పు ఆఫీసులో ఇస్తే కాగితం అక్కడే పడి ఉంటుంది. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది. అక్కడ ఇస్తే నంబరు వేసిన రసీదు ఇస్తారు, అడగడానికి పట్టు దొరుకుతుంది.

పాప సంగతి: స్టేట్ సిలబస్ నుంచి స్టేట్ సిలబస్సే కాబట్టి పాఠాలతో ఇబ్బంది లేదు. ఫస్ట్, సెకండ్ లాంగ్వేజీలు అక్కడా ఇక్కడా ఒకటేనా అని మాత్రం చూసుకోండి. మన బడుల్లో మామూలుగా తెలుగు ఫస్ట్, హిందీ సెకండ్. మారడమంటూ ఉంటే ఈ ఏడాదే మారాలి. పదిలో నామినల్ రోల్స్ వెళ్లాక బడి మార్పు అయ్యే పని కాదు.

రామంతాపూర్_అమ్మ:
చాలా థాంక్స్ అండి. పాపకు ఎఫ్‌ఏ-1, ఎఫ్‌ఏ-2 (ఏడాది మధ్యలో బడిలో పెట్టే ఫార్మేటివ్ పరీక్షలు) అయిపోయాయి. ఆ మార్కులు పోతాయా?

ఉప్పల్_టీచర్:
పోవమ్మా, కానీ వాటంతట అవి రావు. టీసీతో పాటు ఎఫ్‌ఏ మార్కుల షీటు హెడ్మాస్టర్ సంతకం, ముద్రతో తీసుకోండి. ప్రాజెక్టు నోట్సులు, స్లిప్ టెస్టు పేపర్లు ఇంట్లో ఉంటే పారేయకండి. షీటు ఆలస్యమైతే కొత్త బడి టీచర్లు వాటిని చూసి అంచనా వేయగలుగుతారు.