పోలవరం నిర్వాసితుల పండగలు, దేవతలు: పునరావాసంలో వాటికి చోటుందా?

ఏజెన్సీ మాస్టారు:
పోలవరం ముంపు ఊళ్ల మాట వస్తే ప్యాకేజీ, ఎకరాలు, డబ్బుల లెక్కే వినిపిస్తుంది. అక్కడి గిరిజనులు కోయలు, కొండరెడ్లు ఊళ్లు ఖాళీ చేస్తే వాళ్ల పండగలు, ఆచారాలు ఏమవుతాయి? ప్రాజెక్టు కావాలంటే ఆ నష్టం తప్పదా? మీ అభిప్రాయాలు రాయండి.

కోనసీమ రైతు:
తప్పదండీ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాకే మా డెల్టా నాలుగు మెతుకులు తింది. పోలవరం పూర్తయితే 194 టీఎంసీల నిల్వ, 960 మెగావాట్ల కరెంటు, కృష్ణా డెల్టాకు 80 టీఎంసీల నీళ్లు. వరద నీరంతా సముద్రం పాలవుతుంటే చూస్తూ కూర్చోమంటారా? పైగా ఆచారాలు ఎలాగూ మారతాయి. మా ఊళ్లో గొబ్బెమ్మలు పెట్టేవాళ్లు తగ్గిపోయారు, ఏ డ్యామూ రాకుండానే. వాళ్ల పిల్లలకు మాత్రం రోడ్డు, ఆస్పత్రి, కాలేజీ అక్కర్లేదా?

ఏజెన్సీ మాస్టారు:
రైతుగారూ, రోడ్డూ ఆస్పత్రీ కావాలని వాళ్లే ఎప్పటి నుంచో అడుగుతున్నారు. వాటికి ఊరు మునగాల్సిన పనేముంది?

గొబ్బెమ్మలు తగ్గినా మీ వాకిలి ఉంది, గుడి ఉంది, పొలం ఉంది. ఇష్టపడితే వచ్చే సంక్రాంతికే మళ్లీ పెట్టుకోవచ్చు. కొండరెడ్ల సంగతి అలా కాదు. మామిడి కొత్త పండగ చేసి దేవతకు పెట్టందే చెట్టున ఎన్ని కాయలున్నా నోట పెట్టరు. విత్తనాలు వేసే ముందు భూమి పండగ. ఆ పండగకు మగవాళ్లు వేటకు వెళ్తే, ఆడవాళ్లు దారికి అడ్డంగా నిలబడి పాడుతూ వచ్చేపోయేవాళ్ల దగ్గర చందా అడుగుతారు. ఇప్పుడు తారురోడ్డు పక్కన వరసగా కట్టిన కాలనీ ఇళ్లు ఊహించుకోండి. ఏ అడవికి వేటకు వెళ్తారు? ఏ చెట్టు కాయ కొత్త పెడతారు?

జీలుగు చెట్టు సంగతీ చెప్పాలి. పెళ్లయినా చావైనా జీలుగు కల్లు ఉండాల్సిందే. ఏ చెట్టు ఎవరిదో ఊరందరికీ తెలుసు. అది నాటిన మరుసటి ఏడాదే కల్లు ఇచ్చే చెట్టు కాదు, ఏళ్లు పడుతుంది. నష్టపరిహారంలో చెట్టుకు ధర కడతారు సరే, ఆ చెట్టు కింద కూర్చుని పెద్దలు తీర్చే తగవులకు ఎవరు కడతారు?

నంద్యాల నుంచి:
మా వైపు శ్రీశైలం ముంపు చూసినవాళ్లం కాబట్టి ఒక మాట. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. నాగార్జునసాగర్ కట్టినప్పుడు నాగార్జునకొండ కట్టడాలనూ అలాగే తరలించారు. మంచి పనే. అంటే మనసుంటే తరలించడం ప్రభుత్వానికి చేతనవును. కానీ ఊరి బొడ్రాయి, పొలిమేర దేవత, తాతల సమాధులు ఏ జాబితాలోనూ ఎక్కలేదు. శాసనం ఉన్న రాయే రాయి, పసుపు కుంకుమ పూసిన రాయి కాదా? ఇవాళ పోలవరం దగ్గర కాఫర్ డ్యామ్ (పని జరిగేచోట నదిని ఆపే తాత్కాలిక కట్ట) వచ్చాక వరదల్లో గోదావరి ఒడ్డున గండి పోచమ్మ గుడి మునుగుతుంటే మా పెద్దవాళ్లకు ఆ రోజులే గుర్తొస్తున్నాయి.

కోనసీమ రైతు:
బొడ్రాయి మాట నిజమే, కాదనను. అయినా ఇంత దూరం వచ్చాక పని ఆపమంటే నేను ఒప్పుకోను. ఇంతకీ ఏం చేయమంటారు?

ఏజెన్సీ మాస్టారు:
ఆపమని నేనూ అనడం లేదు. 2013 భూసేకరణ చట్టం 41వ సెక్షన్ చదవండి. గిరిజనులను వీలైనంత వరకు అదే షెడ్యూల్డ్ ప్రాంతంలో, అందరినీ ఒకేచోట ఉంచాలని, వాళ్ల జాతి, భాష, సంస్కృతి నిలవాలని అందులోనే ఉంది. సామూహిక అవసరాలకు ఉచితంగా స్థలం ఇవ్వాలనీ ఉంది. నేను అడిగేది అది అమలు చేయమనే.

పోలవరంలో నీళ్లు నిలిపే మట్టం మొదటి దశలో 41.15 మీటర్లు, పూర్తయ్యాక 45.72. ఈ రెండింటి మధ్య ఉన్న ఊళ్లలో చాలామంది ఇంకా సొంత ఇళ్లలోనే ఉన్నారు. కనీసం వాళ్ల విషయంలోనైనా కాలనీ స్థలం ఆఫీసులో మ్యాపు చూసి ఖాయం చేయకూడదు. ఊరి పెద్దనూ పూజారినీ వెంటబెట్టుకెళ్లి చూపించాలి, గ్రామసభ సరేనన్నాకే పునాది తీయాలి. దేవత స్థలం, శ్మశానం, దగ్గర్లో అడవి మీద హక్కు, ఇవి ఇంటి పట్టాతో పాటే రాసివ్వాలి. జీలుగు మొక్కలు ఇప్పుడే నాటాలి. ఊరిని రెండు కాలనీలకు పంచడానికి మాత్రం ఏ పరిస్థితుల్లోనూ ఒప్పుకోకూడదు.