క్లోద్ లోరెన్ సిరా రేవులు: దొంగ నకళ్లకు విరుగుడా, తన కోసం గీసుకున్నవా?

సిరాచుక్క:
బ్రిటిష్ మ్యూజియంలో 1957 నుంచీ ఒక బొమ్మల పుస్తకం ఉంది. పదిహేడో శతాబ్దపు ప్రకృతి దృశ్యాల చిత్రకారుడు క్లోద్ లోరెన్ తను వేసిన తైలవర్ణ చిత్రాలను కలంతో, గోధుమరంగు సిరాతో మళ్లీ గీసి దాచుకున్న 195 బొమ్మలవి. లీబెర్ వెరిటాటిస్, అంటే సత్యగ్రంథం అంటారు దాన్ని. అందులోని ఓడరేవులంటే నాకు ప్రాణం. దొంగ నకళ్లను పట్టుకోవడానికే గీశాడని చాలామంది చెప్తారు. నాకు ఆ మాట మింగుడు పడదు. మీరేమంటారు?

పాతపడవ:
ఆయన్ని ఎరిగిన, ఆయన జీవితకథ రాసిన ఇటలీ రచయిత బాల్డినుచ్చే ఆ మాట రాశాడు కదండీ! రోములో క్లోద్ పేరు మోగిపోయేసరికి ఆయన పద్ధతిని ఎత్తేసి, ఆయన పేరుతో అమ్ముకునేవాళ్లు తయారయ్యారు. ఎవరైనా బొమ్మ తెచ్చి "ఇది మీదేనా?" అనడిగితే ఈ పుస్తకం తీసి చూపించేవాడట. బొమ్మ ఎవరి కోసం వేశాడో, ఏ ఊరికి పంపాడో చాలా పేజీల వెనక రాసి ఉంది. అలా రాసుకోవాల్సిన అవసరం ఇంకెందుకు?

సిరాచుక్క:
పేర్లు ఉన్నమాట నిజమే. కానీ ఆనవాలు కోసమే అయితే నాలుగు గీతలు గీస్తే సరిపోదా? ఆ పుస్తకంలో నాలుగు తెల్ల కాగితాలు, నాలుగు నీలం కాగితాలు వంతులవారీగా వస్తాయి. నీలం కాగితం మీద తెల్లరంగు అద్దితే వెలుతురు ఇంకోలా పడుతుంది. పలచని సిరా పూతతో దూరపు ఓడలను మంచులో కరిగించినట్టు కరిగిస్తాడు. దగ్గరి తెరచాప తాళ్లు మాత్రం ముదురు గీతలు. చాలాచోట్ల అసలు చిత్రం కొలతలు వదిలేసి, పేజీకి తగ్గట్టు దృశ్యాన్ని సర్దాడు కూడా. అచ్చంగా పోల్చి చూడాలనుకునే మనిషి అలా మారుస్తాడా?

గోదారిగట్టు:
ఒక మాట. ఈయన్ని ఫ్రెంచి చిత్రకారుడు అనేస్తుంటాం గానీ, పుట్టింది లోరెన్ డచీలోని (డ్యూకు ఏలే రాజ్యం) షమాన్య అనే ఊళ్లో. అది ఫ్రాన్సులో కలిసింది 1766లో. ఆయనేమో 1682లోనే రోములో పోయాడు, బతుకంతా దాదాపు అక్కడే.

ఇక అసలు సంగతి. ఫ్లోరెన్సులో ఉఫీజీ మ్యూజియంలో ఉన్న ఆయన 1637 నాటి రేవు చిత్రంలో ఒడ్డునే విల్లా మెదిచి కనిపిస్తుంది. నిజానికి ఆ భవనం రోములో కొండ మీద ఉంది, దాని ముందు సముద్రమే లేదు! ఇలా ఊహించి కట్టిన రేవులు చేయి దాటిపోతే మళ్లీ చూసుకోవడానికి వేరే దారేముంది? ఆ చిత్రకారుడికి ఈ పుస్తకమే దిక్కు.

పాతపడవ:
తర్వాత అలా పనికొచ్చి ఉండొచ్చు, కాదనను. కానీ మొదలుపెట్టింది 1635 ప్రాంతంలో, సరిగ్గా నకళ్ల బెడద మొదలైన రోజుల్లో. దానికేమంటారు?

సిరాచుక్క:
మొదలు మీరన్నట్టే అయ్యుండొచ్చు, ఒప్పుకుంటాను. ఆ తర్వాత నలభై ఏళ్లకు పైగా, ముసలితనంలో కూడా, ఒక్కో బొమ్మ మీద అంత ఓపిక పెట్టింది దొంగల భయంతోనే అంటేనే నమ్మలేను. బైబిల్లోని షేబా రాణి ఓడెక్కే 1648 నాటి రేవు చిత్రం లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. ఎదురుగా సూర్యుడు, నీళ్ల మీద ఆ వెలుగుదారి. దాన్నే రంగుల్లేకుండా ఉత్త గోధుమరంగు సిరాతో ఎలా పట్టుకున్నాడో ఈ పుస్తకంలో చూడండి. చూశాక మళ్లీ వాదించుకుందాం.