ఆవులు, గుర్రాల మధ్య ఒకే ఒక్క లామా: కాపలా కోసమేనా?

పచ్చికబయలు: టెక్సాస్‌లో కొంచెం పొలం కొన్నాం. పక్కాయన ఆవులు, గుర్రాల మధ్య ఒంటె జాతికి చెందిన లామా ఒక్కటి తిరుగుతుంటుంది. కాపలాకట! గడ్డి మేసే జంతువు ఏం కాపలా కాస్తుందండీ? మేమూ దూడల్ని తెస్తున్నాం, తెలిసినవాళ్లు చెప్పండి.

కృష్ణాతీరం: బ్రహ్మాండంగా కాస్తుందండీ. ఇక్కడ అప్పుడే పుట్టిన దూడలకి కొయోటీల (చిన్న తోడేళ్లలాంటివి) భయం. లామాకి కుక్కజాతి అంటేనే పడదు. కనబడగానే మెడ నిక్కించి, చెవులు ముందుకు పెట్టి, గట్టిగా అరుస్తుంది. తర్వాత నేరుగా మీదికే వెళ్తుంది. 150 కిలోలది ఎదురొస్తే 15 కిలోల కొయోటీ ఎందుకు నిలబడుతుంది? అమెరికా గొర్రెల రైతులు 1980ల నుంచి పెడుతున్నారు. అయోవా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు అలాంటి రైతుల్ని అడిగితే నష్టం తగ్గిందనే ఎక్కువమంది చెప్పారు. మేతా ఆవులతోనే.

మైలవరం: ఆయన మాట విని కొనకండి. మాకు ఒకాయన అమ్మిన మగ లామా మా అబ్బాయిని రొమ్ముతో గుద్ది పడేసింది. కొయోటీ సంగతి తర్వాత, ముందు పిల్లల్ని ఎవరు కాస్తారు? గ్రేట్ పైరినీస్ కుక్కలు రెండు పెంచుకోండి, చాలు.

వెట్‌టెక్: ఒక్క మాట. ఆవుల దాణాలో మోనెన్సిన్ (ఎదుగుదలకి కలిపే మందు) ఉంటే గుర్రాలకీ లామాలకీ విషం. సంచీ మీద చదవండి. తెల్లతోక జింకలు తిరిగే చోట వాటి నుంచి వచ్చే పురుగు లామా వెన్నుపాముని దెబ్బతీస్తుంది. మందు డాక్టర్ని అడిగి వేయించండి.

కృష్ణాతీరం: మైలవరం గారూ, మీది పాలసీసాతో పెంచిన మగపిల్ల అయ్యుంటుంది. అలా పెరిగినవి మనిషినీ తమ జాతే అనుకుని కలబడతాయి. విత్తులు కొట్టించిన, మందలో పెరిగిన మగదాన్ని తేవాలి. అమ్మినవాడి తప్పుకి జాతినంతా తిడితే ఎలా?

మైలవరం: సీసాతో పెంచారో లేదో నాకెవరు చెప్పారు? కొనే ప్రతి ఒక్కరికీ ఇదే గతి.

కృష్ణాతీరం: మరి మీ కుక్కలు రాత్రంతా మొరిగితే పక్కవాళ్లకి నిద్ర ఉంటుందా?

మైలవరం: మొరిగేదే కాపలా! అసలు మాట చెప్తా వినండి. లామా మందలో బతికే జంతువు. రెండుంటే ఒకదానికొకటి తోడైపోయి ఆవుల్ని వదిలేస్తాయని ఒక్కదాన్నే పెడతారు. పదిహేను, ఇరవై ఏళ్లు బతుకుతుంది. అన్నాళ్లూ సాటి లామా మొహం చూడకుండానా? మాదాన్ని రోజూ చూశాను. కంచె మూలన ఒంటరిగా నిలబడి రోడ్డు వైపే చూసేది. మా అబ్బాయి దెబ్బ మానింది, అది మాత్రం నేను మర్చిపోలేను.

కృష్ణాతీరం: ఇది ముందే చెప్తే ఇంత గొడవెందుకండీ? మాది ఆవుల మధ్యే పడుకుంటుంది. కొత్త దూడ పుడితే ముందు అదే వెళ్లి వాసన చూస్తుంది. దానికి ఆవులే మంద. బాధపడుతోందని నాకు ఏనాడూ అనిపించలేదు.

మైలవరం: వేరే దారి లేక ఆవుల్లో కలిసింది. దాన్ని సంతోషం అనకండి.

పచ్చికబయలు: మా దాణాలో మోనెన్సిన్ ఉంది, మార్చేస్తున్నాం. రెండు ఆడ లామాలు పెడితే?

కృష్ణాతీరం: కాపలా కావాలంటే ఒకటే పెట్టండి.

మైలవరం: రెండు పెట్టండి, కాపలా తగ్గినా సరే. లేదంటే అసలు తేకండి.