తాతయ్య రికార్డుల మీద తెల్లరంగు అంకెలు: కడగాలా, అమ్మాలా, ఉంచుకోవాలా?

ప్రశ్న (అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ)

అందరికీ నమస్కారం. మా అమ్మ తండ్రిగారు కాలం చేశాక ఆయన రేకు పెట్టెలు రెండు నా దగ్గరికి చేరాయి. ఒకదానిలో ఏడంగుళాల చిన్న రికార్డులు యాభై ఎనిమిది ఉన్నాయి. అన్నీ తెలుగు సినిమా పాటలూ, భక్తిగీతాలూ. రెండో పెట్టెలో పది అంగుళాల బరువైన నల్లటి ప్లేట్లు పంతొమ్మిది ఉన్నాయి. వీటిలో ఎక్కువ భాగం నాటక పద్యాలు. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళు మా ఇంట్లోకి వచ్చినప్పుడు చిన్న రికార్డుల పెట్టె అటక మీద ఉండటం వల్ల బయటపడింది గాని, మంచం కింద ఉన్న ప్లేట్ల పెట్టె మూడు రోజులు బురద నీటిలో మునిగి ఉంది. ఆ రోజుల్లో మాకు బియ్యం, మందుల గొడవే తప్ప వీటి మీద ధ్యాస లేదు. పైపైన ఆరబెట్టి గుడ్డలో చుట్టేశాం. ఇప్పుడు తీసి చూస్తే కొన్నింటికి కాగితపు సంచులు అతుక్కుపోయి ఉన్నాయి.

నన్ను ఎక్కువగా తికమక పెడుతున్నది వేరే సంగతి. చిన్న రికార్డుల్లో దాదాపు అన్నింటికీ లేబులు మీద తెల్ల రంగుతో ఒక అంకె వేసి ఉంది; అట్ట వెనుక గుండ్రటి ఊదారంగు ముద్ర కూడా ఉంది, అక్షరాలు మాత్రం చెరిగిపోయాయి. పాత సామాన్లు కొనే ఒకాయన వచ్చి చూసి, అంకె లేనివి నాలుగైదు ఏరుకుని, మిగిలినవి చిత్తుకాగితాల లెక్కన ఇమ్మన్నారు. ఆ అంకెలు ఏమిటో తెలియకుండా ఇవ్వడానికి మనసొప్పలేదు. తాతయ్య ఉద్యోగం నీటిపారుదల శాఖలో అని మాత్రమే నాకు తెలుసు. ఈ అంకెల సంగతి, బురద పట్టిన ప్లేట్లను శుభ్రం చేసే పద్ధతి, ఏ యంత్రం మీద వినాలన్న విషయం తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (బ్రాడీపేట, గుంటూరు)

అమ్మా, ఆ తెల్ల అంకెలు చూడగానే నా చేతివేళ్ళకు అంటిన రంగు గుర్తుకొచ్చింది. అవి మైకు సెట్టు అంకెలు. మీ తాతయ్యగారు ఉద్యోగం చేస్తూనే మైకు సెట్టు అద్దెకు ఇచ్చి ఉండాలి, లేదా ఆ పని మానుకున్నవారి దగ్గర రికార్డులు కొని ఉండాలి. డెబ్బైల్లో నేను గుంటూరులో రెండేళ్ళు ఒక మైకు సెట్టు యజమాని దగ్గర సాయంగా తిరిగాను. రికార్డు లేబులు మీద పాట పేరు సన్నని ఇంగ్లీషు అక్షరాల్లో ఉండేది. పందిరి మూల, చాలీచాలని వెలుతురులో, ఇంగ్లీషు రాని కుర్రాడు దాన్ని చదవలేడు. అందుకని యజమాని ఒక పుస్తకంలో వరసగా పాటలు రాసుకుని, ఆ వరస అంకెను లేబులు మీద పెద్దగా వేసేవాడు. ‘ముప్పై రెండు రెండోవైపు పెట్టరా’ అంటే మాకు అర్థమైపోయేది. ఇక ముద్ర సంగతి. శ్రీరామనవమి పందిళ్ళలో పక్క పక్క వీధులవాళ్ళు రెండు మైకు సెట్లు పిలిపించుకున్నప్పుడు రికార్డులు ఒకరివి ఒకరికి చేరేవి. ఎవరివి ఎవరివో తేల్చడానికి ఆ ముద్రే సాక్ష్యం.

ఏ వైపు ఎంత అరిగిందో వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని చూడండి. అరిగిన వైపు నల్లటి మెరుపు పోయి బూడిదరంగు తేలుతుంది. జనం ఏ పాట అడిగారో అది చెబుతుంది. మా దగ్గర అన్నిటికన్నా ముందు అరిగిపోయినది ఘంటసాల పాడిన వేంకటేశ్వరస్వామి భక్తిగీతం. పెళ్ళి అయినా, దుకాణం ప్రారంభమైనా మొదట అదే వేయాలి. టూరింగు టాకీసుల్లోనూ ఆట మొదలవబోతోందనడానికి అదే గుర్తు కాబట్టి, పొలాల అవతల ఉన్నవాళ్ళు కూడా అది విని అన్నం తినడం ముగించి బయలుదేరేవారు.

ఒక రికార్డు నేను ఇప్పటికీ అమ్మలేదు. తెనాలి వైపు ఒక పల్లెలో పెళ్ళి జరుగుతుండగా అప్పగింతల వేళ నేను ఆ సందర్భపు పాటే వేశాను. పల్లవి ముగియకముందే పెళ్ళికూతురి తండ్రి పందిరి మూలకు నడిచి వచ్చి, ఏమీ అనకుండా చెయ్యి ఎత్తి ఆపమన్నారు. కంగారులో ముల్లు లాగాను. అంచు నుంచి లేబులు దాకా ఒక గీత పడింది. యజమాని నా కూలిలో రెండు రూపాయలు కోసుకుని ఆ రికార్డు నాకే ఇచ్చేశాడు. దాన్ని వేస్తే నేటికీ ఒక్కొక్క చుట్టుకు ఒక్కొక్క ‘టక్కు’ వినిపిస్తుంది.

జవాబు (పటమట, విజయవాడ)

శుభ్రం చేసే పద్ధతి వరకు నేను చెబుతాను. ముందుగా మీ రెండు పెట్టెల్లో ఉన్నవి రెండు వేర్వేరు పదార్థాలని గుర్తుంచుకోండి. బరువైన ప్లేట్లు నిమిషానికి 78 చుట్లు తిరిగేవి. లక్కలో రాతిపొడి కలిపి చేసినవి, కింద పడితే పెంకులవుతాయి. చిన్నవి 45 చుట్లవి, వినైలుతో చేసినవి. ఈ కొలత రికార్డును అమెరికాలో ఆర్‌సీఏ విక్టర్ సంస్థ 1949లో తెచ్చింది. అయితే మన దేశంలో 78 అంత తొందరగా పోలేదు, అరవైల్లో బీటిల్స్ పాటలు కూడా ఇక్కడ లక్క ప్లేట్ల మీద వచ్చాయి. కాబట్టి బరువైన ప్లేటు కనిపించినంత మాత్రాన అది స్వాతంత్ర్యానికి ముందుదని అనుకోకండి.

లక్క ప్లేటుకు స్పిరిటు గాని, శానిటైజరు గాని తగలనీయకండి. లక్క ఆల్కహాలులో కరుగుతుంది, పాట తుడిచిపెట్టుకుపోతుంది. ఎండిన బురదను గుడ్డతో రుద్దినా ప్రమాదమే, ఎందుకంటే అందులోని ఇసుక రేణువులు గాడుల్ని గీకేస్తాయి. ముందు సన్నని నీటిధార కింద పట్టి బురదను వదిలించి, ఆ తరువాతే డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చుక్క గిన్నెలు కడిగే సబ్బు కలిపి, మెత్తని గుడ్డతో గాడి వెంబడే గుండ్రంగా తుడవండి. అతుక్కున్న కాగితాన్ని లాగకుండా, తడిగుడ్డ కప్పి మెత్తబడ్డాక తీయండి. పగులు ఉన్న ప్లేటును మాత్రం నానబెట్టకండి. తరువాత నీడలో నిలువుగా ఆరబెట్టండి. మే నెలలో మన ఊరి ఎండలో మేడ మీద పెడితే సాయంత్రానికి అప్పడాలవుతాయి. ఊదారంగు ముద్ర నీటికి కరిగే సిరా అయి ఉండవచ్చు, కాబట్టి అన్నింటికన్నా ముందు ప్రతి లేబులూ, అట్టా ఫొటో తీసి పెట్టుకోండి.

వినడానికి వస్తే, 78 ప్లేటు గాడి వెడల్పు. దానికి కొన దాదాపు అంగుళంలో వెయ్యోవంతులు మూడు ఉన్న ముల్లు కావాలి. చిన్న రికార్డుకు అలాంటి వెయ్యోవంతు ఒకటి గాని, అంతకన్నా కాస్త తక్కువ గాని సరిపోతుంది. సన్నని ముల్లుతో పాత ప్లేటు వేస్తే అది గాడి అడుగున దొర్లుతూ పాటకన్నా బుసనే ఎక్కువ వినిపిస్తుంది. చవకగా దొరికే సూట్‌కేసు ప్లేయర్లలో ముల్లు మీద బరువు ఎక్కువ. మైకు సెట్లలో సగం అరిగిన రికార్డులకు అది మిగిలిన సగాన్ని అరగదీస్తుంది.

జవాబు (లాలాపేట, గుంటూరు)

పాతికేళ్ళుగా సేకరిస్తున్నవాడిగా ఒక చేదు మాట చెప్పక తప్పదు. మీ ఇంటికి వచ్చిన వ్యాపారి మర్యాద తప్పి మాట్లాడి ఉండవచ్చు, లెక్క మాత్రం తప్పలేదు. రంగు, ముద్ర, గీతలు ఉన్న సినిమా ఈపీకి, అంటే ఇలాంటి చిన్న రికార్డుకు, సంతలో ధర లేదు; అదే పాటలు మచ్చలేని రికార్డుగా ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. అందుచేత చిన్నవాటిని డబ్బు కోసం దాచవద్దు.

నాటక పద్యాల ప్లేట్ల విషయంలో మాత్రం తొందరపడి ఒక్కటి కూడా వదలకండి. ఒక వైపు మూడు నిమిషాలకు కాస్త మించి పట్టదు. నాటకశాలలో ‘ఒన్స్‌మోర్’ల నడుమ పదినిమిషాలు రాగం తీసే నటుడు ఆ మూడు నిమిషాల్లో ఏ సంగతి ఉంచాడో, ఏది వదిలేశాడో తెలిసేది ఆ ప్లేటు వల్లనే. సినిమా పాటకు సినిమా అయినా మిగులుతుంది, రంగస్థలం మీద పాడిన పద్యానికి ఆ లక్క తప్ప వేరే ఆధారం లేదు. లేబులు ఊడిపోయినా దిగులుపడకండి. గాడులు ముగిసి లేబులు మొదలయ్యే నడుమ నున్నటి భాగంలో గీకినట్టుగా ఒక సంఖ్య ఉంటుంది. దాన్ని బట్టి పాడినది ఎవరో పోల్చుకోవచ్చు.

వాటిలో కరుణశ్రీగారి ‘పుష్పవిలాపం’ ఘంటసాల గొంతులో ఉంటే నాకు ఒక మాట చెప్పండి, కొనడానికి కాదు. కరుణశ్రీ మా గుంటూరు ఏసీ కళాశాలలో తెలుగు చెప్పినవారు. ఆ పద్యాలు పుస్తకంలో చదివినవారికన్నా రికార్డులో విన్నవారే ఎక్కువ. మా ఇంట్లో అక్షరం రాని మా నాయనమ్మకు కూడా అవి కంఠస్థం.

ప్రశ్న అడిగినవారు మళ్ళీ

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. బ్రాడీపేట బాబాయిగారు చెప్పినట్టే అమ్మను అడిగితే, ఆమె నవ్వి, తాతయ్య సెలవు రోజుల్లో మైకు సెట్టు నడిపేవారనీ, ఆఫీసులో తెలిస్తే బాగుండదని ఇంట్లో కూడా ఆ ఊసు ఎత్తనిచ్చేవారు కాదనీ చెప్పింది. ముద్రలో చెరిగినది ఆయన పేరు కాదు, మా అమ్మమ్మ పేరు!

పంతొమ్మిది ప్లేట్లలో పదహారు బాగుపడ్డాయి. రెండు పగిలాయి, ఒకదాని కాగితం ఇంకా వదలలేదు. పుష్పవిలాపం లేదండి. చిన్నవాటిని వెలుతురులో పెట్టి చూశాను. భక్తిగీతాల రికార్డు రెండు వైపులా బూడిదరంగుకు తిరిగింది. పందొమ్మిదో నంబరు మాత్రం ఒకవైపు అరిగి, రెండోవైపు కొత్తదానిలా మెరుస్తోంది. వ్యాపారికి ఏదీ ఇవ్వలేదు.

పెట్టె అడుగున పరిచిన వార్తాపత్రిక తీస్తే తాతయ్య చేతిరాతతో పాటల పట్టిక దొరికింది, ఒకటి నుంచి అరవై నాలుగు దాకా. నా దగ్గర అంకె ఉన్నవి యాభై మూడే. లేని పదకొండింటిలో ఆరింటికి ‘పగిలినది’ అని అడ్డగీత కొట్టారు. నాలుగింటికి ఏమీ రాయలేదు. ఇరవై మూడు ఎదురుగా ‘మంగళగిరి – రావాలి’ అని ఉంది. అక్కడివారు ఎవరైనా ఇది చదువుతుంటే, ఇంట్లో తెల్లరంగుతో 23 అని రాసిన చిన్న రికార్డు ఏదైనా ఉందేమో ఒకసారి చూడగలరా? తిరిగి ఇవ్వనక్కరలేదు, రెండు వైపులా ఏ పాటలున్నాయో చెబితే చాలు. పట్టికలో ఆ ఒక్క వరసలోనే చెదలు పాట పేరు తినేసింది.