క్రూజ్ టికెట్ రేట్లు: అప్పటికీ ఇప్పటికీ ఏం మారింది? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

కాకినాడ_కుర్రాడు:
అందరికీ నమస్కారం. వచ్చే ఏడాది నాన్నగారి షష్టిపూర్తి. అమ్మానాన్నల్ని సింగపూర్ నుంచి క్రూజ్‌కి తీసుకెళ్దామని అనుకుంటున్నాం. మా పెదనాన్న 2000ల మొదట్లో సూపర్‌స్టార్ వర్గో అనే ఓడలో వెళ్లొచ్చారు. ఆ డబ్బుకి అంత తిండి, అంత వసతి ఇంకెక్కడా దొరకదని ఇప్పటికీ చెప్తుంటారు. నాకు ఏజెంట్ పంపిన కొటేషన్‌లో మాత్రం టికెట్ ఒక రేటు, దాని కింద పోర్టు ఛార్జీలు, టిప్పులు, టీసీఎస్ (బుకింగ్ అప్పుడే వసూలు చేసే పన్ను), వైఫై, వీసా. అన్నీ కలిపితే తడిసి మోపెడవుతోంది. నిజంగా క్రూజులు అంత ఖరీదైపోయాయా, లేక ఏజెంట్ దగ్గరే తేడా ఉందా? పాతరోజుల్లో వెళ్లినవాళ్లు, ఈమధ్య వెళ్లినవాళ్లు ఇద్దరూ చెప్తే నాకు ఒక అంచనా వస్తుంది.

లెక్కల_మాస్టారు:
బాబూ, ముందు రూపాయి సంగతి చూడు. సింగపూర్ డాలర్ 2005లో 26 రూపాయల చుట్టూ ఉండేది. 2024 చివరికి 63 చుట్టూ తిరుగుతోంది. అంటే ఓడ కంపెనీ ఒక్క డాలర్ కూడా పెంచకపోయినా మనకి రేటు రెండింతలు దాటిపోయింది. అమెరికా డాలరూ అంతే, 2008 మొదట్లో 40 దగ్గర ఉన్నది 2024 చివరికి 85 అయింది. మీ పెదనాన్న గారి మాటలో అబద్ధం లేదు, ఆయన ఖర్చుపెట్టిన రూపాయికి అప్పుడు విలువ ఎక్కువ.

ఇక టీసీఎస్. ఇది 2020 అక్టోబర్ నుంచి విదేశీ ప్యాకేజీల మీద వచ్చింది. ఇది ఖర్చు కాదు, ముందుగా కట్టే పన్ను. ఎవరి పాన్ మీద బుక్ చేస్తే వాళ్లు రిటర్న్‌లో చూపించి సర్దుబాటు చేసుకోవచ్చు, పన్ను లేకపోతే వెనక్కి వస్తుంది. రేటు బడ్జెట్‌లతో మారుతూ ఉంటుంది కాబట్టి బుక్ చేసే రోజున ఎంత ఉందో అడుగు. కొటేషన్‌లో ఆ వరుసని పక్కన పెట్టి మిగతాది కూడుకుంటే అసలు ఖర్చు తెలుస్తుంది.

డాలస్_మామయ్య:
మేం టెక్సస్‌లో ఉంటాం. గాల్వెస్టన్ పోర్టు మాకు కారులో వెళ్లగలిగేంత దూరమే. 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత జనం విమానం ఎక్కడానికి జంకారు. అప్పుడు కంపెనీలు జనం కారులో చేరుకోగలిగే పోర్టులకి ఓడల్ని తెచ్చి రేట్లు బాగా తగ్గించాయి. మాలాంటి మధ్యతరగతి వాళ్లు క్రూజ్ ఎక్కడం మొదలైంది అప్పుడే. వారం రోజులకి కిటికీ లేని గది తలకి ఐదారు వందల డాలర్లకి దొరికేది. నమ్ముతారో లేదో, ఈరోజుకీ ఆఫ్ సీజన్‌లో, కాస్త పాత ఓడ మీద, దాదాపు ఆ రేటుకే దొరుకుతుంది. ఇరవై ఏళ్లలో ఇంటి అద్దెలు, హోటళ్లు ఎంత పెరిగాయో చూస్తే టికెట్ పెరగనట్టే లెక్క.

మారింది ఆ టికెట్‌లో ఏమేం వస్తాయన్నది. అప్పుడు అర్ధరాత్రి ఫోన్ చేసినా రూమ్ సర్వీస్ ఉచితం. క్రూజ్ కంపెనీల్లో 2015లో నార్వేజియన్, 2017లో రాయల్ కరీబియన్ దానికి 7.95 డాలర్లు పెట్టాయి. గది రోజుకి రెండుసార్లు సర్దేవారు, ఇప్పుడు మామూలు గదులకి చాలా చోట్ల ఒక్కసారే. డబ్బులిచ్చి తినే రెస్టారెంట్లు అప్పుడు ఓడకి ఒకటో రెండో. ఇప్పుడు ఎక్కిన దగ్గర్నుంచీ వాటి ప్రచారమే. టికెట్‌లోనే భోజనం వచ్చే మెయిన్ డైనింగ్ హాల్లో కూడా కార్నివాల్ కంపెనీ వాళ్లు ఒక్కొక్కరికి మూడో మెయిన్ వంటకం నుంచి డబ్బు తీసుకుంటున్నారు. పిల్లలు ఎదిగే వయసులో ఉన్న ఇంట్లో అది ఎంత తేడానో ఆలోచించండి.

అయినా ఒకటి ఒప్పుకోవాలి. 1988లో వచ్చిన సావరిన్ ఆఫ్ ది సీస్ 73 వేల టన్నుల ఓడ, ఆ రోజుల్లో అదే అద్భుతం. 2024 జనవరిలో మొదలైన ఐకాన్ ఆఫ్ ది సీస్ దాదాపు రెండున్నర లక్షల టన్నులు. వాటర్ స్లైడ్లు, ఐస్ స్కేటింగ్ షోలు, పిల్లల క్లబ్ అన్నీ టికెట్‌లోనే. మా మనవళ్లకి అది స్వర్గం. నాకు మాత్రం పాత చిన్న ఓడే ఇష్టం, అక్కడ సముద్రం కనిపిస్తుంది.

కాకినాడ_కుర్రాడు:
మామయ్య గారూ, చాలా థాంక్స్. టిప్పులు ఇవ్వాల్సిందేనా? మా కొటేషన్‌లో చిన్నపిల్లకి కూడా రోజుకి ఇంత అని వేశారు.

ఓడలో_పదేళ్లు:
టిప్పుల గురించి నేను చెప్తాను. నేను గదులు సర్దే డిపార్ట్‌మెంట్‌లో చేరి సూపర్‌వైజర్‌గా బయటికి వచ్చాను. పాతరోజుల్లో చివరి రాత్రి ప్రయాణికులు కవర్లో డబ్బు పెట్టి చేతికిచ్చేవారు. తర్వాత రోజుకి ఇంత అని బిల్లులోనే వేయడం మొదలైంది. రాయల్ కరీబియన్‌లో మామూలు గదికి తలకి రోజుకి 2018లో 14.50 డాలర్లు, 2022లో 16, 2024 నవంబర్ నుంచి 18.50. నలుగురి కుటుంబం వారం వెళ్తే 518 డాలర్లు. టికెట్ రేటు ప్రకటనలో ఆ అంకె ఎక్కడా కనిపించదు, అందుకే అందరికీ కోపం వస్తుంది.

కానీ దయచేసి కౌంటర్ దగ్గరికి వెళ్లి తీయించేయకండి. ఓడలో పనిచేసేవాళ్ల సంపాదనలో ఆ డబ్బు పెద్ద భాగం. నెలల తరబడి సెలవు లేకుండా, రోజుకి పది గంటలు పైన నిలబడి పనిచేస్తారు. మన విశాఖ, గోవా, కేరళ, ముంబై పిల్లలు ఎంతోమంది ఉన్నారు. జీతం కంపెనీయే పూర్తిగా ఇవ్వాలని నేనూ అంటాను, ఆ పోరాటం వేరు. అది తేలేదాకా ఆ భారం గదులు సర్దే కుర్రాడి మీద పడకూడదు. మీ బడ్జెట్‌లో టిప్పుని టికెట్‌తో కలిపే లెక్కేసుకోండి, అప్పుడు బాధ ఉండదు.

లెక్కల_మాస్టారు:
పైన మామయ్య గారు చెప్పింది అంకెల్లో కూడా కనిపిస్తుంది. కార్నివాల్ గ్రూపు లెక్కలు తీస్తే 2005 ప్రాంతంలో మొత్తం ఆదాయంలో ఓడ ఎక్కాక జనం పెట్టే ఖర్చు ఐదో వంతుకి కాస్త పైన. 2024లో ఆదాయం 2,500 కోట్ల డాలర్లు, అందులో అది మూడో వంతు. టికెట్ చవగ్గా ఉంచి ఎక్కాక తీసుకోవడమే ఇప్పుడు పద్ధతి. మద్యం ప్యాకేజీ, వైఫై, ఫొటోలు, కంపెనీ సొంత దీవి మీద వాటర్ పార్క్. మద్యం ముట్టనివాళ్లు, ఫోన్ పక్కన పెట్టగలిగినవాళ్లు ఇప్పటికీ తక్కువలో వెళ్లి రాగలరు. ఒక రకంగా తాగేవాళ్ల డబ్బుతో తాగనివాళ్ల టికెట్ చవకగా ఉంటోంది.

కరోనాలో ఓడలు ఏడాదికి పైగా ఆగిపోయి ఈ కంపెనీలు విపరీతంగా అప్పు చేశాయి. కార్నివాల్ అప్పు 3,000 కోట్ల డాలర్లు దాటింది. 2021, 2022లో ఓడలు నింపడానికి ఆఫర్లు ఇచ్చారు, 2023 నుంచి జనం పోటెత్తారు, రేట్లు ఎక్కాయి. ఆ అప్పుల వడ్డీ కూడా మన టికెట్‌లోనే ఉంది.

సియాటిల్_సుధ:
అలాస్కా వెళ్లాలనుకునే వాళ్లకి. ఇక్కడ రేటు తగ్గుతుందని చివరిదాకా ఎదురుచూడకండి. సీజన్ ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకానే. పైగా అలాస్కాలో ఓడలు ఆగే జూనో ఊరివాళ్లు జనం తాకిడి తట్టుకోలేక 2024 నుంచి రోజుకి ఐదు పెద్ద ఓడలే అన్నారు, 2026 నుంచి రోజుకి 16 వేల మంది, శనివారం 12 వేల మంది అని ఒప్పందం చేసుకున్నారు. వాళ్లని తప్పుపట్టలేం, అది చిన్న ఊరు. కానీ ఓడలు పెరగలేనప్పుడు రేటు దిగడం కష్టం.

ఇంకొకటి, మన పాస్‌పోర్ట్ వాళ్లకి మాత్రమే ఉండే ఖర్చు. 1886 నాటి అమెరికా చట్టం ప్రకారం విదేశీ జెండా ఉన్న (వేరే దేశంలో రిజిస్టరైన) ఓడ సియాటిల్ నుంచి బయల్దేరి మళ్లీ సియాటిల్ చేరాలంటే మధ్యలో ఏదో విదేశీ పోర్టులో ఆగాలి. అందుకే కెనడాలోని విక్టోరియాలో ఒక సాయంత్రం ఆపుతారు. అమెరికా గ్రీన్ కార్డ్ లేకపోతే ఆ ఒక్క సాయంత్రం కోసం మనకి కెనడా వీసా కావాలి. మనిషికి వంద కెనడా డాలర్లు, బయోమెట్రిక్స్‌కి ఇంకో 85. ఇండియా నుంచి వచ్చిన అత్తగారు, మామగారికి ఈ వీసా చేతికొచ్చేదాకా మాకు ఒకటే టెన్షన్. అమెరికన్ స్నేహితులు చెప్పే బడ్జెట్‌లో ఇది ఉండదు.

అయినా పెద్దవాళ్లతో మళ్లీ వెళ్తాను. రోజూ సామాన్లు సర్దక్కర్లేదు, మోకాళ్ల నొప్పులున్నా లిఫ్ట్‌లో తిరగొచ్చు, బాల్కనీలో కూర్చుని మంచుకొండలు చూడొచ్చు. అదే దారి కారులో, హోటళ్లలో తిప్పితే ఖర్చు ఎక్కువ, వాళ్లకి అలసట ఇంకా ఎక్కువ.

ఒంటరి_బాటసారి:
పైన అందరూ కుటుంబాల లెక్క చెప్పారు. ఒక్కరే వెళ్లేవాళ్ల సంగతి ఎవరూ రాయలేదు. గది ఇద్దరికని రేటు కడతారు, ఒక్కరే ఉన్నా దాదాపు రెండు టికెట్ల డబ్బు. 2010లో నార్వేజియన్ ఎపిక్ ఓడ మీద ఒంటరివాళ్ల కోసం చిన్న గదులు పెట్టినప్పుడు చాలా సంతోషించాను. ఇప్పుడు వాటికి గిరాకీ ఎంత పెరిగిందంటే ఒక్కోసారి మామూలు గది రెండు టికెట్లు కొనుక్కున్నంత అవుతోంది. భర్త పోయిన ఆడవాళ్లు, రిటైరైన టీచర్లు నాలాగే తిరగాలనుకుంటారు. ఈ విషయంలో ఇన్నేళ్లలో పెద్దగా న్యాయం జరగలేదని నా అభిప్రాయం.

విశాఖ_తీరం:
మన తీరం ముచ్చట కూడా ఒకటి. 2022 జూన్‌లో కార్డీలియా ఎంప్రెస్ చెన్నై నుంచి విశాఖ వచ్చినప్పుడు ఊరంతా పండగలా చూసింది. అది 1990 నాటి ఓడ, ఒకప్పుడు రాయల్ కరీబియన్‌ది. టికెట్ తలకి 20 వేలు దాటింది, పైన జీఎస్టీ, పోర్టు, సర్వీస్ ఛార్జీలు. అదే డబ్బుకి సింగపూర్‌లో దీనికి మూడింతల ఓడ దొరుకుతుందన్న మాట నిజమే. కానీ విమానం టికెట్ లేదు, వీసా లేదు, పాస్‌పోర్ట్ లేని మా అమ్మమ్మ కూడా ఎక్కగలిగింది. ఆధార్ చూపించి ఓడెక్కడం ఆవిడకి ఎంత గొప్పగా అనిపించిందో! భోజనం మనదే, సాంబారు దగ్గర్నుంచి.

తర్వాత 2023 సెప్టెంబర్‌లో విశాఖలో సుమారు 96 కోట్లతో క్రూజ్ టెర్మినల్ ప్రారంభించారు. భవనం బాగుంది. ఓడలు మాత్రం ఏడాదిలో ఎప్పుడో వస్తున్నాయి. పోటీగా ఇంకో కంపెనీ ఉంటే రేటు దిగేది. జలేష్ అని 2019లో ముంబైలో ఒకటి మొదలైంది, కరోనా దెబ్బకి 2020లోనే మూతపడింది. పోర్టువాళ్లు ఏడాది పొడవునా ఓడలు వచ్చే ఏర్పాటు చేస్తే తూర్పు తీరం వాళ్లకి క్రూజ్ అందుబాటులోకి వస్తుంది.

సింగపూర్_పద్మ:
తమ్ముడూ, నీ అసలు ప్రశ్నకి వస్తాను. మీ పెదనాన్న గారు ఎక్కిన ఓడ స్టార్ క్రూజెస్ కంపెనీది, అప్పటి ఆ కంపెనీ ఇప్పుడు లేదు. దాన్ని నడిపిన గెంటింగ్ హాంకాంగ్ 2022 జనవరిలో చేతులెత్తేసింది. అదే ఏడాది జూన్‌లో గెంటింగ్ డ్రీమ్ ఓడ రిసార్ట్స్ వరల్డ్ క్రూజెస్ పేరుతో ఇక్కడి నుంచి తిరగడం మొదలుపెట్టింది. రాయల్ కరీబియన్ ఓడలూ వస్తాయి. వెజ్, జైన్ భోజనం రెండింటిలోనూ అడగొచ్చు.

రేటు అంతా తేదీలోనే ఉంది. మా స్కూలు సెలవులు జూన్‌లో, నవంబర్ చివరి నుంచి డిసెంబర్ అంతా. ఆ రోజుల్లో, శుక్రవారం బయల్దేరే ఓడలకి రేటు బాగా ఎక్కువ. ఆదివారమో సోమవారమో ఎక్కే ట్రిప్ చూడు, తేడా నీకే తెలుస్తుంది. చివరి వారంలో చవకగా దొరికే కాలం పోయింది, ఓడలు ముందే నిండిపోతున్నాయి.

నీకు కలిసొచ్చేది ఒకటుంది. థాయ్‌లాండ్ 2023 నవంబర్ నుంచి, మలేషియా 2023 డిసెంబర్ నుంచి మనవాళ్లకి వీసా అక్కర్లేదన్నాయి. పెనాంగ్, ఫుకెట్ ఆగే ట్రిప్‌కి ఆ ఖర్చు మిగులుతుంది. బయల్దేరే ముందు ఆ సడలింపు ఇంకా ఉందో లేదో చూసుకో. సింగపూర్ వీసా మాత్రం మల్టిపుల్ ఎంట్రీదే ఉండాలి, ఓడ దిగి మళ్లీ ఊళ్లోకి రావాలి కదా.

కాకినాడ_కుర్రాడు:
అక్కా, మీరు చెప్పినట్టు ఆదివారం బయల్దేరే మూడు రాత్రుల ట్రిప్ అడిగాను. టీసీఎస్ పక్కన పెట్టి, టిప్పులు కలిపి చూస్తే వారాంతం కొటేషన్ కంటే బాగా తగ్గింది. మిగిలిన దాంతో అమ్మానాన్నలకి బాల్కనీ గది తీసుకోవచ్చా? అమ్మకి బస్సులోనే వాంతులు అవుతాయి, అదొక్కటే భయం.

ఓడలో_పదేళ్లు:
తీసుకోండి, కానీ ఓడ మధ్యలో, కింది అంతస్తుల్లో ఉన్న బాల్కనీ అడగండి. ముందువైపు, పైఅంతస్తుల్లో ఊగుడు ఎక్కువ తెలుస్తుంది. గది నంబర్ మీరే ఎంచుకునే రేటు, కంపెనీ ఏదో ఒకటి ఇచ్చే రేటు అని రెండు ఉంటాయి. రెండోది చవక, కానీ మీ అమ్మగారి కోసం మొదటిదే తీసుకోండి. బుక్ చేశాక కూడా మిగతా డబ్బు కట్టే గడువుదాకా వారానికోసారి రేటు చూస్తూ ఉండండి. తగ్గితే ఏజెంట్‌ని అడగండి, చాలా కంపెనీలు తేడా సర్దుతాయి. మాత్రలు ఇక్కడే డాక్టర్‌ని అడిగి తెచ్చుకోండి, ఓడలో డాక్టర్‌ని చూపిస్తే బిల్లు డాలర్లలో వస్తుంది. ఇన్సూరెన్స్‌లో ఓడ మీద వైద్యం కూడా కవర్ అవుతుందో లేదో పాలసీలో ఆ పేజీ చదివాకే డబ్బు కట్టండి.