బ్రాంచి ఆఫీసుల్లో నెట్‌కు ఏమేం తగిలించి ఉన్నాయో ఎలా కనిపెడుతున్నారు?

హన్మకొండ_చౌరస్తా:
అందరికీ నమస్తే. మాది చిన్న ఫైనాన్స్ సంస్థ. హెడ్డాఫీస్ హనుమకొండలో, బ్రాంచిలు 14. పరకాల, నర్సంపేట, తొర్రూరు, మహబూబాబాద్, ములుగు, భూపాలపల్లి, జమ్మికుంట, ఇట్లా. ఐటీ అంటే నేనూ ఇంకో తమ్ముడూ, అంతే.

పోయిన నెల ఆడిట్‌కు వచ్చినాయన ఒక్కటే ప్రశ్న అడిగారు. "మీ బ్రాంచిల్లో నెట్‌కు కలిపిన వస్తువులు మొత్తం ఎన్ని?" కంప్యూటర్లు, ప్రింటర్లు రిజిస్టర్‌లో ఉన్నాయి కాబట్టి టకటకా చెప్పాను. "కెమెరాలు, వేలిముద్ర మెషిన్లు, టీవీలు?" అన్నారు. నాకు నోట మాట రాలేదు.

హెడ్డాఫీస్ నుంచి వీపీఎన్ (బ్రాంచిలను కలిపే ప్రైవేట్ దారి) మీద ఎన్‌మ్యాప్ (నెట్‌వర్క్‌లో ఏమున్నాయో వెతికే సాఫ్ట్‌వేర్) కొట్టి చూశాను. ఐపీలు (నెట్‌వర్క్‌లో ఒక్కో వస్తువుకు ఇచ్చే నంబర్లు) వచ్చాయి గానీ ఒక్కదానికీ మ్యాక్ అడ్రస్ (వస్తువుతో పాటే వచ్చే గుర్తింపు నంబర్) రాలేదు. రెండు బ్రాంచిలైతే మొత్తం కలిపి ఒకే ఐపీ చూపిస్తున్నాయి. నిన్న నర్సంపేట వెళ్తే మేనేజర్ గదిలో స్మార్ట్ టీవీ, గుమ్మం దగ్గర తిరిగే వైఫై కెమెరా, ఇన్వర్టర్ వెనక యాంటెనా ఉన్న డబ్బా కనబడ్డాయి. రిజిస్టర్‌లో ఒక్కటీ లేదు. 14 ఊర్లూ తిరిగి లెక్కపెట్టడం తప్ప వేరే దారి ఉందా?

కాజీపేట_జంక్షన్:
అన్నా, మీ స్కాన్ బాగానే ఉంది, మీరు కూర్చున్న చోటు బాగాలేదు. మ్యాక్ అడ్రస్ బ్రాంచి రూటర్ గడప దాటి బయటికి రాదు. ఏ ఐపీ ఏ మ్యాక్‌దో అడిగి తెలుసుకునే ఏఆర్‌పీ కూడా అంతే. టీవీలు, ప్రింటర్లు "నేనున్నా, నేనున్నా" అని వేసే ఎండీఎన్‌ఎస్, ఎస్‌ఎస్‌డీపీ కేకలూ ఆ గదిలోనే వినపడతాయి. హనుమకొండలో కూర్చుని వీపీఎన్ టన్నెల్‌కు చెవి పెడితే ఐపీలు తప్ప ఇంకేం వస్తాయి? ఒకే ఐపీ చూపించే రెండు బ్రాంచిల్లో రూటర్ నాట్ చేస్తూ (అన్నిటినీ తన ఒక్క ఐపీ వెనక దాచేస్తూ) ఉంటుంది, చూడండి.

కాబట్టి బ్రాంచి రూటర్‌నే అడగాలి. దాని దగ్గర రెండు ఖాతాలుంటాయి. ఒకటి డీహెచ్‌సీపీ లీజ్ లిస్టు, అంటే రూటర్ తానే ఇచ్చిన ఐపీలు. రెండోది ఏఆర్‌పీ టేబుల్, అంటే దానితో ఈమధ్య మాట్లాడిన వాటి ఐపీ, మ్యాక్‌లు. చాలామంది లీజ్ లిస్టు చూసి అయిపోయిందనుకుంటారు. కానీ డీవీఆర్ (కెమెరాల వీడియో రికార్డు చేసే పెట్టె), వేలిముద్ర మెషిన్ పెట్టే కుర్రాళ్లు ఐపీ చేత్తోనే కొట్టి వెళ్లిపోతారు. అవి లీజ్‌లో రావు, ఏఆర్‌పీలోనే దొరుకుతాయి. ఈ రెండూ పక్కపక్కన పెట్టి తేడా చూస్తే మీకు కావలసినవి సగం అక్కడే బయటపడతాయి.

రూటర్ నుంచి ఎస్‌ఎన్‌ఎంపీతో (నెట్‌వర్క్ పరికరాలను వివరాలు అడిగే పద్ధతి) గంటకోసారి లాక్కోవచ్చు. వెర్షన్ 3 పెట్టుకోండి. "పబ్లిక్" అనే పాస్‌వర్డ్‌తో వదిలేస్తే మీకు కనబడేది అందరికీ కనబడుతుంది.

ఎనుమాముల_గేట్2:
స్విచ్ సంగతి కూడా చెప్పండి జంక్షన్ అన్నా. ఏ వస్తువు ఏ పోర్ట్‌లో ఉందో చెప్పేది స్విచ్‌లోని మ్యాక్ టేబుల్. కాకపోతే చాలా స్విచ్‌ల్లో అది 300 సెకన్లే గుర్తుపెట్టుకుంటుంది. అయిదు నిమిషాలు నోరు మూసుకుని కూర్చున్న వస్తువు అందులోంచి పోతుంది. అందుకే ముందు మొత్తం సబ్‌నెట్‌కు (ఆ బ్రాంచి ఐపీలన్నిటికీ) ఒకసారి పింగ్ కొట్టి, అంటే పలకరించి, వెంటనే టేబుల్ లాగాలి. మేం మొదట ఇది తెలియక రెండు వారాలు ఒక వేయింగ్ మెషిన్ కోసం వెతికాం. అది కాటా పెట్టినప్పుడే మాట్లాడుతుంది, మిగతా టైంలో మౌనవ్రతం.

ఇంకో గుర్తు. ఒకే పోర్ట్‌లో ఆరేడు మ్యాక్‌లు కనబడితే ఆ వైరు చివర, టేబుల్ కింద, ఎవరో కొన్న 5 పోర్టుల చిన్న స్విచ్ ఉన్నట్టే. మా మార్కెట్ బ్రాంచిలో అలాంటిది మిర్చి దుమ్ము పట్టి ఎర్రగా మారిపోయి దొరికింది. తుమ్ముకుంటూ తీశాం.

పసుపు_కొమ్ము (నిజామాబాద్):
మ్యాక్ దొరికినా సగం పనే. మొదటి సగం, అంటే 24 బిట్లు, తయారీదారుకు ఐఈఈఈ అనే అంతర్జాతీయ ఇంజినీర్ల సంస్థ ఇచ్చిన నంబర్. దాన్నిబట్టి కంపెనీ పేరు తెలుస్తుంది. చిక్కేమిటంటే మనం కొనే వైఫై ప్లగ్గులు, బల్బులు, చవక కెమెరాల్లో కనబడేది లోపలి చిప్ తయారీదారు పేరు. డబ్బా మీద ఒక బ్రాండ్, లిస్టులో "ఎస్ప్రెసిఫ్" అని ఉంటుంది. అది చూడగానే "ఇది బల్బో, ప్లగ్గో, ఏదో చిన్న వస్తువు" అని ఊహించుకోవాలి.

ఫోన్లు లిస్టును గందరగోళం చేస్తాయి. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 దగ్గర్నుంచి ఫోన్లు వైఫైకి దొంగ మ్యాక్ ఇస్తున్నాయి. వీటిని పట్టడం తేలికే. మ్యాక్‌లో రెండో అక్షరం 2, 6, A, E అనే నాలుగింటిలో ఏదైనా అయితే అది పుట్టుకతో వచ్చిన అడ్రస్ కాదు. కెమెరాలు, మెషిన్లు ఈ వేషాలు వేయడం నేనైతే చూడలేదు. ముందు వీటిని పక్కకు తీసేస్తే లిస్టు సగానికి తగ్గుతుంది.

మంచిర్యాల_నైట్‌షిఫ్ట్:
ఇంత కష్టమెందుకు? ఈ పని చేసే లైసెన్సులు ఫైర్‌వాల్ కంపెనీలే అమ్ముతున్నాయి. ఏది కెమెరా, ఏది టీవీ అని అదే పేరు పెట్టి చూపిస్తుంది. మేనేజ్‌మెంట్‌ను డబ్బులడగండి, అయిపోతుంది.

హన్మకొండ_చౌరస్తా:
అడిగాను భయ్యా. "మన కెమెరాల్లో ఏముంది, ఎవడు చూస్తాడు? గేటు ముందు కుక్క పడుకునేది తప్ప" అన్నారు.

కాజీపేట_జంక్షన్:
కుక్కను చూడాలని ఎవరికీ లేదు. 2016లో మిరాయ్ అనే వైరస్ లాంటి ప్రోగ్రామ్ వచ్చినప్పుడు అది కెమెరాల్లో వీడియో వైపు చూడనేలేదు. టెల్నెట్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పాత దారి) తెరిచి ఉన్న కెమెరాలు, డీవీఆర్‌లు, రూటర్లు వెతుక్కుంటూ పోయి, ఫ్యాక్టరీలో పెట్టిన అరవై చిల్లర యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలు వరసగా కొట్టింది. మార్చనివన్నీ దాని చేతిలో పడ్డాయి. ఆ అక్టోబర్ 21న అలాంటి వాటన్నిటితో డైన్ అనే డీఎన్‌ఎస్ (సైటు పేరును ఐపీగా మార్చి చెప్పే సేవ) సంస్థ మీద దాడి చేస్తే ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి అమెరికాలో గంటల తరబడి తెరుచుకోలేదు. మీ డీవీఆర్‌లో వాళ్లకు పనికొచ్చేవి మీ లైను, మీ కరెంటు.

మేనేజ్‌మెంట్‌కు ఇంకోటి కూడా చెప్పండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి సంఘటన తెలిసిన 6 గంటల్లో రిపోర్ట్ చేయాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి. ఐఓటీ వస్తువుల (నెట్‌కు కలిపిన కెమెరాల్లాంటివి) మీద జరిగే దాడులు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. అసలు ఉందని తెలియని వస్తువు గురించి 6 గంటల్లో ఏం రాస్తారు?

జగిత్యాల_మామిడి:
స్కాన్ చేసేవాళ్లకు నా తరఫున ఒక హెచ్చరిక. రెండేళ్ల కింద మెట్‌పల్లి బ్రాంచిని "పూర్తిగా చూసేద్దాం" అని ఎన్‌మ్యాప్‌లో వెర్షన్ స్కాన్‌తో (ఏ సాఫ్ట్‌వేర్ నడుస్తోందో అడిగేది) పాటు అన్ని పోర్టులూ అనే ఆప్షన్ పెట్టాను. ఇక్కడ పోర్టంటే వైరు పెట్టేది కాదు, వస్తువులోకి డేటా వెళ్లే తలుపు నంబర్. మామూలుగా అది 9100 పోర్ట్ జోలికి పోదు, ఎందుకంటే ప్రింటర్ ఆ పోర్ట్‌కు ఏది వచ్చినా ప్రింటే కొడుతుంది. నేను ఆ అడ్డం తీసేశాను కదా. పావుగంటలో అటెండర్ ఫోన్. "సార్, మిషిన్ దానంతటదే ప్రింట్ కొడుతున్నది, ఆపితే ఆగట్లే." ఒక్కో కాగితం మీద ఒక్క లైను పిచ్చి అక్షరాలు. రిమ్ము సగం అయిపోయింది. మేనేజరమ్మ నిమ్మకాయ తెప్పించి ప్రింటర్ మీద పెట్టిందట, ఆ ఫొటో ఇప్పటికీ మా గ్రూపులో తిరుగుతుంది.

ఆఫీసు టైంలో గట్టి స్కాన్లు వద్దు. ముఖ్యంగా ల్యాబ్ మెషిన్లు, పాత వేలిముద్ర మెషిన్లు ఉన్నచోట. ఒక్క పింగ్ చాలు, మిగతాది రూటర్ లాగ్‌లో చూసుకోండి.

బొగ్గుబాయి:
జగిత్యాల అన్నా, నిమ్మకాయ పనిచేసిందా లేదా?

జగిత్యాల_మామిడి:
నేను స్కాన్ ఆపిన టైమూ, ఆమె నిమ్మకాయ పెట్టిన టైమూ ఒకటే. ఇంకేం చెప్పను.

పసుపు_కొమ్ము (నిజామాబాద్):
హన్మకొండ అన్నా, పైసా ఖర్చు లేని ఒక ఉపాయం. వచ్చే దసరా రోజు మధ్యాహ్నం మీ బ్రాంచిల ఏఆర్‌పీ, లీజ్ లిస్టులు లాగి పెట్టుకోండి. ఆ రోజు ఆఫీసులో మనిషన్నవాడు ఉండడు, అందరూ జమ్మి చెట్టు దగ్గరో, మటన్ కూర దగ్గరో ఉంటారు. ఫోన్లుండవు, ల్యాప్‌టాప్‌లుండవు. ఆ టైంలో కూడా నెట్‌వర్క్‌లో మాట్లాడుతున్నదంటే అది గోడకో, టేబుల్‌కో అతుక్కుని ఉన్న వస్తువే. ఎవరితో మాట్లాడుతోందో డీఎన్‌ఎస్ లాగ్‌లో చూడండి. వెళ్లే పేరునుబట్టి ఏ కంపెనీ క్లౌడో చాలావరకు తెలిసిపోతుంది. కొన్ని కెమెరాలు మీ డీఎన్‌ఎస్ వాడకుండా నేరుగా గూగుల్ డీఎన్‌ఎస్ 8.8.8.8కు పోతాయి. బయటికి డీఎన్‌ఎస్ వాడే 53 పోర్ట్ ఆపేస్తే ఫైర్‌వాల్ లాగ్‌లో వాటి ఐపీ పడుతుంది.

మామూలు ఆదివారమైనా పర్లేదు. కానీ ఆదివారం ఎవరో ఒకరు రికవరీ పనని వస్తారు.

ఎనుమాముల_గేట్2:
ఇది నాకు తట్టలేదు. మంచి మాట.

లిస్టులో రానివి కూడా గుర్తుంచుకోండి. వెనకాల కెమెరా పోర్టులున్న ఎన్‌వీఆర్ (నెట్ కెమెరాల రికార్డర్) అయితే కెమెరాలు దాని సొంత సబ్‌నెట్‌లో ఉంటాయి. 8 కెమెరాలున్నా మీకు కనబడేది ఒకే ఐపీ. సొంత సిమ్ ఉన్న వస్తువులైతే మీ నెట్‌వర్క్ గడపే తొక్కవు. ఇక స్టాఫ్ ఇంటి నుంచి తెచ్చి పెట్టిన వైఫై రూటర్ వెనక ఏముందో రూటర్ లిస్టులో తెలియదు. అక్కడ టీటీఎల్ (ఒక్కో రూటర్ దాటినప్పుడల్లా ఒకటి తగ్గే అంకె) చూడాలి. మామూలుగా 64 లేదా 128 రావాల్సిన చోట 63, 127 వస్తుంటే మధ్యలో ఇంకో రూటర్ కూర్చుందని అర్థం.

బొగ్గుబాయి:
మేము చేసింది చెప్తా, పరేషాన్ కాకండి, పెద్ద పనేం కాదు. ఒక్కో బ్రాంచిలో మూలకు పడున్న పాత కంప్యూటర్‌కు లినక్స్ ఎక్కించి ఆర్ప్‌వాచ్ పెట్టినం. కొత్త మ్యాక్ కనబడితే మెయిల్ వస్తది. మొదటి వారం మెయిల్స్‌తో పిచ్చెక్కింది, అన్నీ ఫోన్లే. ఫోన్లకు వేరే గెస్ట్ వైఫై ఇచ్చినాక రోజుకు ఒకటి కూడా రావట్లే. ఇప్పుడు మెయిల్ వచ్చిందంటే నిజంగానే కొత్తదేదో పెట్టినట్టు. కరెంటు పోయి వచ్చినప్పుడు మాత్రం పెట్టె దానంతటదే ఆన్ అయ్యేటట్టు బయాస్‌లో సెట్ చేయండి, లేకపోతే గోదావరిఖని దాకా పోయి బటన్ నొక్కి రావాలె.

హన్మకొండ_చౌరస్తా:
దసరా అయ్యాక మళ్లీ వస్తున్నా. జంక్షన్ అన్న చెప్పినట్టు రూటర్ల నుంచి రెండు లిస్టులూ తీశాను. నాట్ ఉన్న రెండు బ్రాంచిల్లో అది తీసేసి వేరే సబ్‌నెట్ ఇచ్చాను. పసుపు కొమ్ము అన్న మాట ప్రకారం దసరా రోజు రెండున్నరకు, ఇంట్లో తిట్లు తింటూ, 14 బ్రాంచిలవీ లాగాను.

రిజిస్టర్‌లో కంప్యూటర్లూ ప్రింటర్లూ కాక ఉన్నవి సున్నా. ఆ రోజు మేల్కొని ఉన్నవి 83. డీవీఆర్‌లు, వేలిముద్ర మెషిన్లు ముందే అనుకున్నవే. టీవీలు 9. ఆఫ్ చేశామనుకున్నవి కూడా స్టాండ్‌బైలో ఎవరితోనో మాట్లాడుతూనే ఉన్నాయి. ఇన్వర్టర్ డాంగిళ్లు 6, ఇవి పెట్టిన సంగతి బ్రాంచి వాళ్లకే తెలియదు, ఇన్వర్టర్‌తో పాటే వచ్చాయి. తొర్రూరులో డీవీఆర్ కోసం యూపీఎన్‌పీ అనే సదుపాయం దానంతటదే రూటర్‌లో బయటి నుంచి లోపలికి పోర్ట్ తెరిచి పెట్టింది, పాస్‌వర్డ్ ఫ్యాక్టరీదే. ఆ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు. యూపీఎన్‌పీ అన్నిచోట్లా ఆపేశాం, పాస్‌వర్డ్‌లు మార్చాం, కెమెరాలూ మెషిన్లూ వేరే వీల్యాన్‌లోకి (విడిగా కట్టిన నెట్‌వర్క్‌లోకి) తోస్తున్నాం. ఇప్పటికి 5 బ్రాంచిలయ్యాయి.

ఒక్కటి మాత్రం అంతు చిక్కట్లేదు. పరకాలలో ఎస్ప్రెసిఫ్ అని ఒకటుంది. స్టాఫ్ వైఫైలోనే ఉంది. పింగ్‌కు పలుకుతుంది, పోర్టులేవీ తెరిచి లేవు. బ్రాంచిలో నలుగురూ "మాకు తెలియదు సార్" అంటున్నారు.

కాజీపేట_జంక్షన్:
వైఫైలో పాస్‌వర్డ్ మార్చి చూడండి. ఏది పనిచేయడం ఆగిపోతే అదే. ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు.

మంచిర్యాల_నైట్‌షిఫ్ట్:
లైసెన్స్ కొనుంటే ఈపాటికి పేరుతో సహా చెప్పేది 🙂

హన్మకొండ_చౌరస్తా:
నిన్న సాయంత్రం మార్చాను. ఈ రోజు పొద్దున ఆరున్నరకు ఫోన్. మా వాళ్లు కాదు, బిల్డింగ్ ఓనర్. "మీ ఆఫీసు బోర్డు లైటు రాత్రి వెలగలే, ఏమైంది?" అని. బోర్డుకు వైఫై ప్లగ్ పెట్టి, టైమర్ తన ఫోన్‌లో పెట్టుకున్నారట, మూడేళ్లుగా. పాస్‌వర్డ్ ఎవరిచ్చారంటే మాత్రం చెప్పట్లేదు. కొత్తది ఎప్పుడిస్తారని అడుగుతున్నారు.