కంపోస్టు బకెట్ కంపు కొడుతోంది, పురుగులు పట్టాయి. మానేయాలా?

సందేహం: మాది హైదరాబాద్‌లో మూడో అంతస్తు ఫ్లాటు, బాల్కనీ చిన్నది. ఇంటి నుంచి బయటికి పోయే చెత్త తగ్గిద్దామని వంటింటి తడి చెత్తంతా పాత పెయింట్ బకెట్‌లో వేసి ఎరువు చేస్తున్నాను. ఎండాకాలమంతా బాగానే ఉంది గానీ వానలు మొదలయ్యాక ఒకటే కంపు, అడుగున నల్లటి నీళ్లు, పైగా లావుపాటి తెల్ల పురుగులు లుకలుకలాడుతున్నాయి. మా అత్తయ్యగారు తీసెయ్యమంటున్నారు. నాకేమో మానడం ఇష్టం లేదు. బయట దీనికోసం పొడులు, స్పెషల్ డబ్బాలు అమ్ముతున్నారు కదా, కొంటే బాగవుతుందా అండీ?

జవాబు: ముందు ఏమీ కొనకండి. మీ బకెట్‌లో తడి ఎక్కువైంది, గాలి ఆడటం లేదు, అంతే. గాలి తగిలితే ఆ చెత్తను ఎరువు చేసే సూక్ష్మజీవులు బాగా పనిచేస్తాయి, కంపు రాదు. నీళ్లు నిలిచి ముద్ద కట్టిందంటే గాలి అక్కర్లేని రకాలు పెరిగిపోతాయి, ఆ కుళ్లు వాసన వాటిదే. కాబట్టి బకెట్‌ను ఒక పాత బేసిన్‌లో బోర్లించండి, నీళ్లు వంపేయండి, ఆ చెత్తలో దాదాపు అంతే పరిమాణం ఎండుటాకులో కొబ్బరి పీచు పొట్టో కలిపి చేత్తో బాగా విడదీయండి (గ్లవ్స్ వేసుకుని). ఇప్పుడు ఒక గుప్పెడు తీసుకుని గట్టిగా పిండి చూడండి. వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు కనబడితే సరిపోయినట్టు. ధారగా కారితే ఇంకా ఆకులు కావాలి, పొడిపొడిగా రాలిపోతే కాస్త నీళ్లు చిలకరించాలి. తిరిగి నింపేముందు బకెట్ అడుగున, పక్కల కాల్చిన స్క్రూడ్రైవర్‌తో చిల్లులు పెట్టి, రెండు ఇటుకల మీద ఎత్తుగా ఉంచి కింద ఒక పళ్లెం పెట్టండి. వాన జల్లు పడని మూలకి జరపండి.

ఇకనుంచి గిన్నెడు తొక్కలు వేస్తే రెండు గిన్నెల ఎండుటాకులు వేయాలి, చివర పైపొర ఎప్పుడూ ఆకులదే ఉండాలి. చాలామంది వదిలేసేది ఈ ఒక్క పనే, వాసన వచ్చేదీ ఇక్కడే.

సందేహం: చాలా థ్యాంక్స్ అండీ. మరి పురుగులు? వాటిని చూస్తేనే టెన్షన్. ఈ వానల్లో ఎండుటాకులు ఎక్కడ దొరుకుతాయి?

మరో జవాబు: అమ్మా, నేను విశాఖ నుంచి. ఆ లావుపాటి పురుగులు గోధుమ తెలుపులో, ఒళ్లంతా గీతలు గీతలుగా ఉంటే అవి చాలావరకు బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఒక రకం నల్ల ఈగ పిల్లలు. కుట్టవు, రోగాలు తేవు, చెత్తను చాలా వేగంగా తినేస్తాయి, కాబట్టి మందు మాత్రం కొట్టొద్దు. తడి తగ్గి పైన ఆకులు పడితే వాటంతటవే తగ్గుతాయి. వండిన కూర, ఎముకలు, నూనె ఓడే పచ్చడి మాత్రం బకెట్‌లోకి రానివ్వకండి. ఆవకాయలో ఉప్పు, నూనె రెండూ ఎక్కువే, మొక్కకీ మంచిది కాదు. మామిడి టెంకలు, కొబ్బరి చిప్పలు ఎప్పటికీ కుళ్లవన్నట్టు ఉండిపోతాయి, అవి వేరే పెట్టేయండి.

ఆకుల సంగతికొస్తే, ఇప్పటికి కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఇటుక ఒకటి నర్సరీలో తీసుకుని నానబెట్టకుండా పొడిగానే విరిచి వాడండి, అట్టపెట్టెల ముక్కలు చింపి వేసినా సరే. వడ్రంగి దగ్గర రంపపు పొట్టు తెస్తే మాత్రం ప్లైవుడ్‌ది వద్దు, అందులో జిగురు ఉంటుంది. వచ్చే ఏడాదికి ఫిబ్రవరి, మార్చిలో ఆకులు రాలేటప్పుడే గోనెసంచుల్లో నింపి దాచుకోండి. చాలా అపార్ట్‌మెంట్లలో ఆ ఆకుల్నే పోగేసి తగలబెడుతున్నారు, చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది. వాచ్‌మన్ గారితో ముందే మాట్లాడుకుంటే సంచి కట్టి పక్కన పెడతారు. వేప, కానుగ ఆకు త్వరగా మాగుతుంది, మామిడాకు దళసరి, నలిపి వేయండి.

మొదటి జవాబిచ్చినవారు: ఇంకో మాట. పుల్ల మజ్జిగలో నీళ్లు కలిపి వారానికోసారి కొద్దిగా చిలకరిస్తే చాలు, కొన్న పొడి అక్కర్లేదు. రెండు మూడు రోజులకోసారి కలియబెట్టండి. నిండగానే దాన్ని పక్కన పెట్టి రెండో బకెట్ మొదలుపెట్టండి, లేకపోతే రోజూ కొత్త తొక్కలు పడుతుంటే అది ఎన్నటికీ మాగదు. రెండు మూడు నెలల్లో ముదురు గోధుమ రంగులో, వాన పడ్డాక మట్టి వాసనలా వస్తే తయారైనట్టు. జల్లెడ పట్టి, ఒక వంతు ఎరువుకి రెండు మూడు వంతుల మట్టి కలిపి కుండీల్లో పోయండి. జల్లెడలో మిగిలిన గట్టి ముక్కల్ని పారేయకండి, కొత్త బకెట్‌లో వేస్తే అది తొందరగా అందుకుంటుంది.

మీ అత్తయ్యగారికి వాసన లేని మొదటి గుప్పెడు మీరే చూపించండి. ఇంటి చెత్తలో పెద్ద వాటా తడి చెత్తే. అది లారీలెక్కి మన నగరం చెత్త పోసే జవహర్‌నగర్ డంపులో గాలాడక కుళ్లితే, భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు పుడుతుంది, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆ కంపు ఏళ్ల తరబడి భరిస్తున్నారు. వానాకాలం గడిచేదాకా మీరు వేసే తొక్కలు కాస్త తగ్గించి, ఆకులు పెంచి చూడండి, వారంలో తేడా తెలుస్తుంది. తెలియకపోతే బకెట్ లోపలి ఫొటో ఒకటి పెట్టండి, చూసి చెబుతాం.